అరవై ఐదుతో గుణించడం ఆపితే

ప్రశ్న: మేమిద్దరం పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద 2025 జూన్‌లో కెనడా వచ్చాం. ఒంటారియో రాష్ట్రంలో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నాం, అద్దె నెలకి 1,850 డాలర్లు. మా ఆయనకి ఆగస్టులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం దొరికింది, చేతికి 4,900 వస్తాయి. హైదరాబాద్‌లో ఆయన జీతం 90,000 రూపాయలు. నేను అక్కడ ఫార్మసిస్టుని, ఇక్కడ ఒక సూపర్ మార్కెట్‌లో క్యాషియర్‌గా పార్ట్ టైమ్ చేస్తున్నా, 1,500 దాకా వస్తుంది. మియాపూర్‌లో ఆయన పేరు మీద ఒక ఫ్లాట్ ఉంది. వచ్చేవరకూ అందులోనే ఉన్నాం, ఇప్పుడు 22,000కి అద్దెకిచ్చాం. దాని ఈఎంఐ 38,000, వడ్డీ ఎనిమిదిన్నర శాతం. అత్తమామలకి నెలకి 20,000 పంపుతాం. నా సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 5,000 నడుస్తోంది. బ్యాంకులో 14,000 డాలర్లు చేరాయి. వాటితో ఫ్లాట్ లోన్ తగ్గించేద్దామని మా ఆయన అంటున్నారు. ఇక్కడే ఉంటున్న మా బావగారు (మా ఆయన పెద్దమ్మ కొడుకు) మాత్రం అద్దె కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరే, వెంటనే ఇల్లు కొనండి అంటున్నారు. నాకేమో ఇక్కడ ఫార్మసీ లైసెన్స్ తెచ్చుకోవాలని ఉంది. పరీక్షలు, కోచింగ్, ప్రయాణాలు అన్నీ కలిపి 9,000 డాలర్ల దాకా అవుతుంది. "ఆరు లక్షలు ఇప్పుడు చదువుకెందుకు, కాస్త నిలదొక్కుకున్నాక చూద్దాం" అంటారాయన. మొన్న చలికోటు కొనే దగ్గర కూడా ఇదే గొడవ. ముందు ఏం చేయాలి?

జవాబు: ముందు కోటు సంగతి చెప్తానమ్మా, మీ ఉత్తరంలో అసలు విషయం అక్కడే ఉంది.

నేను ఈ దేశం వచ్చింది 2009 నవంబర్‌లో. అప్పట్లో ఇక్కడి డాలర్ నలభై చిల్లర రూపాయలు. షాపులో 240 డాలర్ల కోటు ముందు నిలబడి నలభైతో గుణించి, పదివేలు పెట్టి కోటా అనుకుని, 50 డాలర్ల జాకెట్ కొనుక్కుని గొప్పగా ఇంటికొచ్చా. జనవరిలో దాని జిప్పు ఊడింది. 80 పెట్టి ఇంకోటి కొన్నా, అది చలికి ఆగలేదు. బస్ స్టాప్‌లో నిలబడి నిలబడి జ్వరం తెచ్చుకున్నాక, ఫిబ్రవరిలో ఆ 240 కోటే కొన్నా. మొత్తం 370 అయ్యాయి. కోటు మాత్రం ఇప్పటికీ ఉంది.

కొత్తగా వచ్చిన ప్రతి జంటా గుణిస్తుంది. తప్పని అనను, అలవాటైన కొలబద్ద అదొక్కటే కదా. చిక్కేమిటంటే గుణకారం ధరని ఇండియాకి తీసుకెళ్తుంది గానీ జీతాన్ని ఇక్కడే వదిలేస్తుంది. డాలర్‌కి 65 రూపాయల చొప్పున 9,000 డాలర్లని గుణిస్తే 5,85,000 రూపాయలు. హైదరాబాద్‌లో అది మీ ఆయనకి ఆరున్నర నెలల జీతం. ఇక్కడ అదే 9,000 ఆయనకి రెండు నెలల జీతం కూడా కాదు. ఆయన భయపడుతున్నది ఆరున్నర నెలల కష్టం చూసి. కట్టాల్సింది మాత్రం రెండు నెలల లోపు కష్టమే. అదే కోటు తీసుకోండి, రూపాయల్లో పదిహేను వేల పైమాట, ఇక్కడ ఆయనకి ఒక రోజు పని.

ఈ గుణకారానికి రెండో వైపు కూడా ఉంది. 4,900ని 65తో గుణిస్తే నెలకి మూడు లక్షల పైన. మీ ఊళ్లో వాళ్లు ఈ లెక్కే వేస్తారు, ఒక్కోసారి మనమూ వేసుకుంటాం. ఖర్చు గుణించి చూసుకుని బీదవాళ్లం అనుకుంటాం, జీతం గుణించి చూసుకుని ధనవంతులం అనుకుంటాం. కాబట్టి ఏడాది పాటు ఇక్కడి ఖర్చుల్ని పని గంటల్లో లెక్కేయండి. రూపాయల లెక్క ఇండియాకి పంపే డబ్బుకి మాత్రమే.

ఇప్పుడు మీ నెల చూద్దాం. ఇద్దరి ఆదాయం 6,400. అద్దె 1,850, సరుకులు 650, ఫోన్లు ఇంటర్నెట్ 170, బస్సు, గో ట్రైన్ (ఇక్కడి లోకల్ రైలు) 300, చిల్లర ఖర్చులు 500 అనుకుందాం. ఇండియాకి ఈఎంఐ, అత్తమామలకి, సిప్ కలిపి 63,000 పోతాయి, అద్దె 22,000 వస్తుంది. అంటే ఇక్కడి నుంచి వెళ్లేది 41,000 రూపాయలు, దాదాపు 630 డాలర్లు. మొత్తం ఖర్చు 4,100. నెలకి 2,300 మిగులుతున్నాయి. వచ్చిన ఏడాదిలోపే ఇంత మిగుల్చుకుంటున్నారంటే మీ సంసారం బానే నడుస్తోంది. గొడవ డబ్బు చాలక కాదు, ఉన్నది ఎటు పోవాలన్న దగ్గరే.

మీ ఆయన మాటతో మొదలుపెడతా. 9,000 డాలర్లు ఫ్లాట్ లోన్‌లో వేస్తే ఎనిమిదిన్నర శాతం చొప్పున ఏడాదికి దాదాపు 50,000 రూపాయల వడ్డీ తగ్గుతుంది. 760 డాలర్లు అనుకోండి. ఖచ్చితంగా వచ్చే లాభం, కాదనను. ఇప్పుడు అదే డబ్బు మీ లైసెన్స్ మీద పెడితే? ఒంటారియోలో 2025 అక్టోబర్ నుంచి కనీస వేతనం గంటకి 17.60. మీ క్యాషియర్ పని దానికి అటూ ఇటూగా ఉంటుంది. లైసెన్స్ ఉన్న ఫార్మసిస్టుకి గంటకి దానికి రెండు మూడింతలు ఇస్తారు. ఫుల్ టైమ్ చేస్తే చేతికి నెలకి 2,500 మాత్రమే అదనంగా వచ్చిందనుకుందాం, నేను కావాలనే తక్కువ వేశా. నాలుగు నెలల్లోపు పెట్టింది తిరిగొచ్చేస్తుంది. ఆ తర్వాత ఏడాదికి 30,000. ఒక పక్క 760, ఒక పక్క 30,000. మీకు ఫండ్లు, షేర్లు, స్థలాలు చూపించే వాళ్లెవరూ ఇలాంటి రాబడి చూపించలేరు.

"నిలదొక్కుకున్నాక" అన్న మాట నాకు బాగా తెలుసు. నా దగ్గరికి వచ్చే జంటల్లో ఆడవాళ్ల చదువే ఎప్పుడూ ఆ మాట వెనక నిలబడి ఉంటుంది. ముందు కారు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత పిల్లలు, పిల్లలు బడికెళ్లాక చూద్దాం. అప్పటికి చదివింది మర్చిపోతారు, పనిలో గ్యాప్ పెరుగుతుంది, మళ్లీ మొదలుపెట్టే ధైర్యం తగ్గుతుంది. మీ ఆయన చెడ్డవారని కాదు. ఆయన లెక్కలో మీ లైసెన్స్ ఖర్చు కింద రాసుకున్నారు, నేను పెట్టుబడి కింద రాస్తున్నా. ఈ పేరా ఆయనకి చదివి వినిపించండి.

దారి మీకు తెలిసే ఉంటుంది, అయినా క్రమం చెప్తా. ముందు ఫార్మసిస్ట్స్ గేట్‌వే కెనడాలో పేరు నమోదు చేసుకుని నంబర్ తీసుకోవాలి. తర్వాత పీఈబీసీ (ఫార్మసిస్టులకి దేశమంతటికీ పరీక్షలు పెట్టే బోర్డు) దగ్గర సర్టిఫికెట్ల పరిశీలన, ఎవాల్యుయేటింగ్ పరీక్ష, ఆపైన రెండు భాగాల క్వాలిఫైయింగ్ పరీక్ష. ఆ తర్వాత ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్ వాళ్ల సొంత మెట్లు. ఫీజులన్నీ ఒకేసారి కట్టాల్సినవి కావు, ఏడాదిన్నర మీద పడతాయి. రసీదులు దాచండి, లైసెన్స్ కోసం రాసే ఇలాంటి పరీక్షల ఫీజుకి ట్యాక్స్‌లో ట్యూషన్ క్రెడిట్ దొరుకుతుంది. మీకు అంత ట్యాక్స్ పడకపోతే మిగిలిన క్రెడిట్‌ని ఆ ఏడాదికే మీ ఆయనకి బదిలీ చేయొచ్చు, 5,000 పరిమితి లోపల.

ఇంకో మాట. క్యాషియర్ కౌంటర్ మీద నుంచి ఫార్మసీ కౌంటర్ మీదికి మారే ప్రయత్నం ఇప్పుడే మొదలుపెట్టండి. ఫార్మసీ అసిస్టెంట్ పనికి లైసెన్స్ అక్కర్లేదు. జీతం పెద్దగా పెరగదు, కానీ చెవికి అలవాటవుతుంది. మనం పారాసెటమాల్ అంటే ఇక్కడ కస్టమర్ అయోమయంగా చూస్తాడు, ఎసిటమినోఫెన్ అనాలి. మందుల పేర్లు, ఇన్సూరెన్స్ బిల్లింగ్, డాక్టర్ ఆఫీసుకి ఫోన్ చేసే పద్ధతి, ఇవన్నీ పరీక్షలో రోగితో మాట్లాడే భాగానికి కోచింగ్ కంటే బాగా పనికొస్తాయి. చేతిలో డబ్బు సరిపోదనిపిస్తే విండ్‌మిల్ మైక్రోలెండింగ్ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది, వలస వచ్చినవాళ్ల లైసెన్స్ చదువులకే తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. మీకు దాని అవసరం పడదనే అనుకుంటున్నా.

చదువు కోసం షిఫ్టులు తగ్గిస్తే మీ ఆదాయం 900కి దిగిందనుకోండి, మిగులు 1,700 అవుతుంది. ఆ మిగులు ఎటు? సగం లైసెన్స్‌కి, సగం కష్టకాలపు నిధికి. నిధి ఎంతుండాలంటే ఆరు నెలల ఖర్చు, ఇండియా ఈఎంఐతో సహా. 4,100 ఆరు నెలలకి దాదాపు 25,000. చేతిలో 14,000 ఉన్నాయి, ఇంకా 11,000 కావాలి. దీనికి లైసెన్స్ 9,000 కలిపితే 20,000. ఏడాదిలో అయిపోతుంది. మీ ఆయన ఉద్యోగం పోతే ఈఐ (ప్రభుత్వ నిరుద్యోగ బీమా) వస్తుంది గానీ జీతంలో 55 శాతమే, అదీ ఒక పరిమితి వరకే. ఉద్యోగాలు తీసేటప్పుడు కొత్తగా చేరినవాళ్లు ముందు వరసలో ఉంటారు. ఇక్కడ బియ్యం మూట అప్పిచ్చే మేనమామ పక్కింట్లో లేడు. ఆ 25,000 ఆయనకి బదులు.

ఆ 14,000 ఎక్కడ పెట్టాలంటే టీఎఫ్‌ఎస్‌ఏ అనే పన్ను లేని పొదుపు ఖాతాలో, సేవింగ్స్ రూపంలోనే. షేర్లు వద్దు, కష్టకాలపు డబ్బు రేపు పొద్దున కావాలంటే రావాలి. టీఎఫ్‌ఎస్‌ఏలో వచ్చే వడ్డీకి పన్ను లేదు, ఎప్పుడు తీసినా పన్ను లేదు. ఏడాదికి ఇంతవరకే వేయొచ్చని కోటా ఉంటుంది, 2025కి 7,000, 2026కి 7,000. మీరు జూన్‌లో వచ్చినా 2025 కోటా మొత్తం మీదే. అంటే ఒక్కొక్కరికి 14,000. మీ బావగారు తన కోటా లక్ష దాటిందని చెప్తే అది నమ్మి డబ్బు వేసేయకండి. 2009 నుంచి ఇక్కడ ఉన్న పెద్దవాళ్లకి అలా పోగవుతుంది, మీకు మొదలైంది వచ్చిన ఏడాది నుంచే. ఎక్కువ వేస్తే ఎక్కువైన దాని మీద నెలకి ఒక శాతం జరిమానా. ఇద్దరికీ చెరొక ఖాతా తెరిచి చెరో 7,000 వేయండి. అలాగే మీ పేరు మీద విడిగా ఒక క్రెడిట్ కార్డు తీసుకోండి, మీ ఆయన కార్డుకి అదనపు కార్డు కాదు. సరుకులు దాని మీద కొని నెలనెలా పూర్తిగా కట్టేయండి. ఇక్కడ మీకంటూ క్రెడిట్ చరిత్ర ఉండాలి.

ఇక ఇల్లు. మీ బావగారి మాట పూర్తిగా తప్పేం కాదు, మీకు మాత్రం ఇది సమయం కాదు. ఆయన చెప్పని విషయాలు రెండున్నాయి, బహుశా ఆయనకి అవసరం పడి ఉండవు. ఇక్కడ మొదటి ఇల్లు కొనేవాళ్లకి ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ అని మంచి ఖాతా ఉంది, ఏడాదికి 8,000 వేస్తే ఆ మేరకు ఆదాయంలో తగ్గిస్తారు, ఇల్లు కొంటే పన్ను లేకుండా తీసుకోవచ్చు. అది తెరవాలంటే ఆ ఏడాదిలోనూ, అంతకు ముందు నాలుగు క్యాలెండర్ సంవత్సరాల్లోనూ మీ సొంత ఇంట్లోగానీ, భర్తదో భార్యదో అయిన ఇంట్లోగానీ కాపురం ఉండకూడదు. ఆ ఇల్లు కెనడాలోనే ఉండాలని లేదు. మియాపూర్ ఫ్లాట్ కూడా లెక్కే. మీరు 2025 జూన్ దాకా అందులో ఉన్నారు కాబట్టి 2030 జనవరి వరకు మీ ఇద్దరికీ ఆ ఖాతా లేదు. బ్యాంకులో కౌంటర్ దగ్గర అమ్మాయి "ఫస్ట్ టైమ్ బయ్యరా?" అని అడిగితే మనవాళ్లు కెనడాలో మొదటిసారే కదా అని అవునంటారు. చిక్కు తర్వాత వస్తుంది. రెండోది, ఒంటారియోలో ఇల్లు కొంటే కట్టే ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్‌లో మొదటి ఇంటివాళ్లకి 4,000 దాకా తగ్గింపు ఉంది. ప్రపంచంలో ఎక్కడా ఎప్పుడూ ఇల్లు లేనివాళ్లకే అది. మీకు రాదు.

8,00,000 డాలర్ల ఇంటికి కనీస డౌన్ పేమెంట్ 55,000. ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ 12,475. డౌన్ పేమెంట్ 20 శాతం లేదు కాబట్టి మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (ఇంటి అప్పు బీమా) 29,800 అప్పులో కలుస్తుంది. ఒక జీతం, ఒక పార్ట్ టైమ్ మీద ఇంత బరువు ఎత్తుకుంటే మీ లైసెన్స్ సంగతి ఇంకెవరూ ఎత్తరు. మీ రెండో జీతం వచ్చాక ఈ ప్రశ్న మళ్లీ అడగండి, అప్పుడు నా జవాబు వేరుగా ఉండొచ్చు.

మీ ఆయన కంపెనీలో గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఉందేమో కనుక్కోండి. కంపెనీ తన వంతు కలిపే పద్ధతి ఉంటే చేరాల్సిందే. దీని కోటా ముందు ఏడాది కెనడా సంపాదనలో 18 శాతం, అందుకే ఈసారి చిన్నదిగా ఉంటుంది. ఏప్రిల్ 30 లోపు 2025 ట్యాక్స్ రిటర్న్ వేశాక వచ్చే అసెస్‌మెంట్ నోటీసులో ఆ అంకె చూసి చేరమనండి. వచ్చిన కొత్తలో ఆర్‌సీ151 ఫారం ఇచ్చారో లేదో కూడా చూసుకోండి, జీఎస్టీ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) అడిగే కాగితం అది. ఇండియా ఆదాయం ఇక్కడి కొలతలో చిన్నదే కాబట్టి మొదటి ఏడాది చాలా జంటలకి కొంత వస్తుంది, అడగకుండా వదిలేసేవాళ్లూ ఉంటారు.

ఇండియా వైపు పనులు కొన్ని మిగిలే ఉన్నాయనిపిస్తోంది. మీ సేవింగ్స్ ఖాతా ఇంకా పాతదే అయితే ఎన్ఆర్‌వో (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతా)గా మార్పించాలి, ఫెమా (విదేశీ మారక) చట్టం ప్రకారం తప్పదు. ఫండ్ కేవైసీలో ఎన్ఆర్ఐ అని రాయించే వరకు సిప్ ఆపండి. కెనడాలో ఉన్నవాళ్ల దగ్గర కొన్ని ఫండ్ కంపెనీలు కొత్త డబ్బు తీసుకోవు కూడా. మీ ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్లు ఎన్ఆర్ఐ యజమానికి అద్దె కడుతున్నారు కాబట్టి 30 శాతం పైన టీడీఎస్ కోసి కట్టాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసిన రోజు ఇల్లు ఖాళీ చేస్తామంటారు. వాళ్లకి ముందే చెప్పి, మీ ఆయన చేత తక్కువ కోతకి సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేయించండి. మీ అద్దె ఏడాదికి 2,64,000, అక్కడ వేరే ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి కోసినది వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ అద్దె ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపించాలి, ఫ్లాట్ లోన్ వడ్డీ అందులోంచి తీసేసుకోవచ్చు. లోన్ త్వరగా తీర్చడానికి తొందర లేదనడానికి ఇదీ ఒక కారణం. ఎప్పుడు తీర్చినా ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌కి జరిమానా ఉండదు, 2028లో తీర్చినా బ్యాంకు కాదనదు.

ఒక్క పని మాత్రం ఈ నెలలోనే చేయించండి. ఫ్లాట్ విలువ మీద రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర రిపోర్ట్, మీరు కెనడాలో దిగిన తేదీ నాటి విలువతో. ఈ దేశం దృష్టిలో మీ ఆయన ఆ ఫ్లాట్ ఆ రోజే ఆ ధరకి కొన్నట్టు లెక్క. ఎప్పుడో అమ్మితే అప్పటి నుంచి పెరిగిన దాని మీదే ఇక్కడ పన్ను. పైగా ఆ విలువ లక్ష డాలర్లు దాటితే విదేశీ ఆస్తులు చూపించే టీ1135 అనే ఫారం వేయాలి. 85 లక్షల ఫ్లాట్ అయితే దాటినట్టే. వచ్చిన మొదటి ఏడాదికి మినహాయింపు ఉంది, 2026 రిటర్న్‌తో మొదలవుతుంది. మర్చిపోతే రోజుకి 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా. ఇంటి కాగితాలు మీ మామగారి బీరువాలో ఉంటే ఆయన్నే వెళ్లమనండి. ఫీజు ఎంత అడిగారో చెప్పినప్పుడు, దాన్ని మాత్రం రూపాయల్లోనే లెక్కేసుకోండి.